అడుగున మూడు వరసలు

నజీర్‌ని మట్టిలో పెట్టిన తొమ్మిదో రోజున, మధ్యాహ్నం అజాన్ మొదలవగానే మా అక్క కుట్టు మిషను ఆపి, కిందికి దిగి, గచ్చుకి కుడి చెవి ఆనించి పడుకుంది.

నేను అప్పుడే బండి స్టాండు వేసి గుమ్మంలోకి వచ్చాను. కళ్ళు తిరిగి పడిపోయిందనుకుని పరుగున వెళ్ళి భుజం పట్టుకున్నాను. కళ్ళు తెరిచే ఉన్నాయి. పెదాల మీద వేలు పెట్టి నన్ను ఊరుకోమంది. పక్కనే గొంతుక్కూర్చున్నాను. మసీదు మైకు ఆగిపోయింది. బయట ఎండ తెల్లగా కాస్తోంది, వీధిలో మనిషి లేడు. అక్క ఊపిరి బిగబట్టి వింటోంది. కాసేపటికి "ఇదిగో" అంది. ఇంకాసేపటికి "ఇదిగో, మల్లీ" అంది.

"ఏటక్కా?"

"కొడతంది."

మా ఇల్లు కళింగపట్నంలో, సముద్రానికి రెండు వీధులు ఇవతల. పెద్ద అల ఒడ్డున విరిగి పడితే గచ్చు సన్నగా అదురుతుంది. పుట్టినప్పట్నుంచీ ఉన్న అదురు కాబట్టి మాకెప్పుడూ తెలిసేది కాదు. ఆ రోజు అరచెయ్యి నేల మీద పెట్టి చూశాను. తెలిసింది.

నజీర్ మా అక్క జులేఖాకి ఒక్కడే కొడుకు. ఇరవై రెండేళ్ళవాడు, శ్రీకాకుళంలో ఏసీలు బిగించే పని చేసేవాడు. బావ వాడి ఐదో ఏటనే పోయాడు. అప్పట్నుంచీ అక్క, వాడు, నేను ఒకే ఇంట్లో ఉన్నాం. ఆ ఏడు రంజాన్ పండగ ఎలక్షన్లకి నెల ముందు వచ్చింది. పండగకని వచ్చిన నజీర్ ఇంకో పది రోజులు ఉండి వెళ్తానన్నాడు. ఆ పదో రోజు, ఆదివారం, వంశధార సముద్రంలో కలిసే చోట స్నేహితులతో ఈతకి దిగాడు. ముగ్గురు దిగితే ఇద్దరు వచ్చారు. రెండు రోజుల తర్వాత మా వెనక వీధి జగ్గమ్మ వాళ్ళ తెప్ప వాడిని ఒడ్డుకి తెచ్చింది.

మొదటి నాలుగు రోజులూ అక్క అందరు తల్లుల్లాగే ఏడ్చింది. ఐదో రోజు ఏడుపు ఆపేసింది. గుండె దిటవు చేసుకుందనుకున్నాను.

"ఏటి కొడతంది?" అని అడిగాను.

అక్క లేచి కూర్చుంది. చెంప మీద గచ్చు గరుకు అచ్చుపడి ఉంది.

"పాము. బోడితల పాము. ఆడు నమాజుకి ఎల్లీవోడు కాదు కదరా గౌసూ. పొద్దున్న నమాజు మానినందుకు సూరీడొచ్చే వరకూ కొడతాదంట. మద్దేన్నంది మానినందుకు సాయంత్రం అసర్ నమాజు వరకూ. ఒక్కో దెబ్బకి డెబ్బై మూరలు లోపలికి దిగిపోతాడంట. మల్లీ పైకి లాగి కొడతాదంట."

"ఎవులు సెప్పినారు నీకిది?"

"ఎవులో కాదు. ప్రవక్త మాట, హదీసులో ఉన్నాది."

దిండు కింద నుంచి ఫోను తీసింది. బట్టలు కుట్టే ఆడవాళ్ళ గ్రూపు ఒకటి ఉంది, అందులో వచ్చిందట. వీడియో నొక్కింది. ఒక మగ గొంతు, లోతుగా, బావిలోంచి వచ్చినట్టు మోగుతోంది. వెనక గాలి హోరు పెట్టారు. యాస మనవైపుది కాదు, గుంటూరు వైపుది. ప్రవక్తగారు ఇలా సెలవిచ్చారు అని మొదలుపెట్టి, నమాజు మానినవాడికి పడే శిక్షలు ఒక్కొక్కటే చెప్పుకుంటూ సమాధి దాకా వచ్చాడు. పాము వచ్చింది. ఆ తర్వాత గొంతు బాగా తగ్గించి, ఒక్కో మాటా విడదీసి చదివాడు.

"ప్రతి దెబ్బకీ వాడు అమ్మా అని పిలుస్తాడు. ఆ పిలుపు లోకంలో మరెవరికీ వినిపించదు. కన్నతల్లి నేలకి చెవి ఆనిస్తే మాత్రం వినిపిస్తుంది."

అక్క నా మొహంలోకి చూస్తోంది. నేను ఫోను వైపు చూస్తున్నాను.

ఆ మూడు వాక్యాలూ నేను రాసినవి.

నాకు నరసన్నపేటలో ఫ్లెక్సీలు, కరపత్రాలు వేసే షాపు ఉంది. పన్నెండేళ్ళ క్రితం షాపు పెట్టిన కొత్తలో, అప్పటి మసీదు కమిటీ పెద్దాయన ఉర్దూలో ఉన్న ఒక కాగితం తెచ్చి ఇచ్చాడు. తెలుగు చేసి ఐదొందల కాపీలు వెయ్యమన్నాడు. మా ఇళ్ళలో అరబ్బీ నమాజు వరకే, ఉర్దూ చదవగలిగేది నాలాంటి కొందరే, మిగతా బతుకంతా తెలుగులోనే. అందుకని తెలుగులో ఉంటే పిల్లలు చదువుతారని ఆయన ఉద్దేశం. నేను చేసి పెట్టాను. అంతా అమర్చాక పేజీ అడుగున మూడు వరసల జాగా మిగిలింది.

అప్పట్లో నేను కథలు రాసి పత్రికలకి పంపేవాడిని. పంపినవన్నీ తిరిగొచ్చేవి. ఆ మూడు వరసల్లో ఆ మూడు వాక్యాలు రాశాను. రెండు నిమిషాలు పట్టిందేమో. పెద్దాయన చదివి, "ఒల్లు జలదరించిపోయిందిరా గౌసూ" అన్నాడు. ఉర్దూలో ఉన్నవే అనుకున్నాడు. నేను కాదనలేదు. నా రాతల్లో మొదట అచ్చయినవి అవే. ఆ రాత్రి సంతోషంతో అన్నం ఎక్కువ తిన్నానని కూడా గుర్తుంది.

అక్కతో ఆ మధ్యాహ్నం చెప్పాల్సింది. "ఇలాంటివన్నీ నమ్మకక్కా, ఎవులో రాసుంటారు" అని మాత్రం అన్నాను. ఎవరో అన్నాను.

"తప్పు, అలగనకు. రసూల్ మాట" అంది అక్క. మళ్ళీ పడుకుంది.

ఆ తర్వాత పది రోజులు ఎలక్షన్లు నన్ను కాపాడాయి. అన్ని పార్టీల ఫ్లెక్సీలూ మా షాపులోనే. నవ్వుతున్న మొహాలు గజాల లెక్కన మిషన్లోంచి బయటికి వస్తూనే ఉండేవి. పొద్దున్నే వెళ్ళి చీకటి పడ్డాక ఇంటికి వచ్చేవాడిని. అక్కకి ఎదురుపడకుండా ఉండడానికి అంతకన్నా మంచి కారణం దొరకదు. ఒకరోజు షాపులో పాత శాంపిళ్ళ ఫైలు తీశాను. వేసిన ప్రతిదాని కాపీ ఒకటి అందులో పెట్టడం నాకు అలవాటు. ఆకుపచ్చ కాగితం మీద నల్లటి అక్షరాలు, పైన "పదిహేను శిక్షలు" అని శీర్షిక. అడుగున నా మూడు వరసలు. అవి నావి కాకపోతే బాగుండునని పదేపదే చదివాను.

పోలింగుకి ముందు రోజు జగ్గమ్మ వీధిలో నా బండికి అడ్డం వచ్చి నిలబడింది. ఎండుచేపల గంప నెత్తినుంచి దించలేదు.

"బాబూ, నీకు కల్లు కనపడతన్నాయేటి? మీ యక్క ఎలగున్నాదో సూసినావా?"

"ఏటయింది జగ్గమ్మా?"

"మద్దేన్నం నేను సేపలు తిరగేస్తంటే మా ఇసకలోకొచ్చి పడుకున్నాది. కాలిపోతన్న ఇసక. సెవి ఎర్రగా ఉడికిపోనాది. లెగమ్మా అంటే, ఇక్కడ బాగా వినపడతంది జగ్గమ్మా, ఇంట్లో సన్నంగా ఉంతంది అన్నాది. నాను నలబై యేల్లబట్టి ఆ ఒడ్డునే ఉన్నాను. అల గుద్దితే ఇసక అదుర్తాది. ఆ ముక్కే సెప్పినాను. నీకు తెలీదులే అన్నాది." గంప సర్దుకుంది. "గుంటడు ఎలాగూ పోనాడు. దీన్నయినా ఉంచుకో."

పోలింగు అయిన మూడో రోజు విజయనగరం వెళ్ళాను. అక్కడ కోట వెనక వీధిలో హజరత్ ఇస్మాయిల్ గారని ఒక పెద్దాయన ఉండేవారు. ముప్పై ఏళ్ళు అరబ్బీ పాఠాలు చెప్పి, చూపు తగ్గాక మానేశారు. హదీసుల్లో ఏది గట్టిది, ఏది కాదు అని అడగాలంటే మా మూడు జిల్లాలవాళ్ళూ ఆయన దగ్గరికే వెళ్ళేవారు. నేను వెళ్ళేసరికి వరండాలో కుర్చీ వేసుకుని, మోకాళ్ళకి నూనె రాసుకుంటున్నారు. విషయం చెప్పి ఫోను ఆయన చెవి దగ్గర పెట్టాను.

"బావిలో కూర్చుని చదువుతున్నాడా ఏమిటి ఇతను?" అన్నారు. చివరిదాకా విన్నారు. మళ్ళీ పెట్టమన్నారు. రెండోసారి విన్నాక చేతులు తుడుచుకున్నారు.

"ఇది మీ అక్కకి ఎవరు పంపారు?"

"కుట్టుపని వాళ్ళ గ్రూపులో ఒకావిడండి."

"ఆవిడకి?"

"పలాస నుంచి బంధువులు పంపారంట."

"ఈ గొంతు ఎవరిది?"

"నెంబరు సంపాదించి ఫోన్ చేశానండి. ఏదో చిన్న పుస్తకంలో చూసి చదివానన్నాడు."

"ఆ పుస్తకం వేసినవాళ్ళు ఎక్కడ చూశారు?"

"ఒక పాత కరపత్రంలో అంటండి."

"ఆ కరపత్రం ఎవరిది?"

నేను ఫోను తీసుకుని జేబులో పెట్టుకున్నాను. ఆయన నన్ను తొందరపెట్టలేదు. ఈ ప్రశ్నలు నా కోసం ప్రత్యేకంగా వేసినవి కావు. ఏ మాట విన్నా, ఎవరు ఎవరి దగ్గర విన్నారని వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోవడం ఆయన పని. జీవితమంతా చేసిన పని.

"సరే, ఆ కాగితం సంగతి అలా ఉంచు" అన్నారు. "అసలు మాటే నిలవదు బాబూ. బాగ్దాదులో ఒకడు దీన్ని కట్టి, ఒక పెద్ద పండితుడి పేరు తగిలించి వదిలాడని ఆరేడు వందల ఏళ్ళ క్రితమే మనవాళ్ళు రాసిపెట్టారు. బోడితల పాము గట్టి హదీసుల్లో ఉంది, నిజమే. అది ధనం దాచుకుని, పేదలకి ఇవ్వాల్సిన జకాత్ ఇవ్వనివాడికి, తీర్పు రోజున. దాన్ని ఇక్కడికి లాక్కొచ్చి అతికించారు. నమాజు మానడం చిన్న తప్పని నేను అనను. దానికి చెప్పాల్సిన గట్టి మాటలు వేరే ఉన్నాయి. ఇది వాటిలోది కాదు."

"అయితే అబద్ధమేనాండి?"

"అబద్ధమే. కానీ," అని ఆయన తల పక్కకి వంచారు. "చివర్న తల్లి ముక్క ఉందే, అది ఆ బాగ్దాదు అబద్ధంలో కూడా లేదు. నేను అరబ్బీలో చూశాను, ఉర్దూలో చూశాను. ఎక్కడా లేదు. ఇది తెలుగులోనే పుట్టింది. రాసినవాడు తల్లి గురించి బాగా ఆలోచించినవాడు. రాయడం కూడా వచ్చినవాడు."

సలాం చెప్పి లేచాను. మెట్ల దగ్గర చెప్పులు వేసుకున్నాను. వీధిలోకి రెండడుగులు వేశాను కూడా. ఆగి, చెప్పులు విప్పి, మళ్ళీ వరండాలోకి వచ్చి నిలబడ్డాను.

"ఆ మూడు వాక్యాలూ నేనే రాశానండి."

ఆయన కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ప్రవక్తగారి పేరు కింద?"

"ఆ పేరు కిందే."

"తెలిసి ఆయన మీద అబద్ధం చెప్పినవాడి గురించి ఆయన ఏమన్నారో తెలుసా నీకు?"

"తెలుసండి."

తన చోటు నరకంలో చూసుకోమన్న ఆ మాటని ఆయన పలకలేదు. నేనూ పలకలేదు. వీధిలో ఆటో ఒకటి పోయింది. లోపల ఎవరో గిన్నెలు సర్దుతున్నారు.

"ఆ లెక్క నీకూ అల్లాకీ" అన్నారు కాసేపటికి. "నా దగ్గరికి మూడు గంటలు బస్సులో కూర్చుని వచ్చావు. మీ అక్క మీ ఇంట్లోనే, నీ పక్క గదిలో ఉంది. ముందు అక్కడ చెప్పాలి." తర్వాత గొంతు కొంచెం మెత్తబడింది. "ఇంకో మాట కూడా తీసుకెళ్ళు. నీళ్ళలో మునిగి పోయినవాడు షహీదు, అమరుడితో సమానం. దీన్ని ఎక్కడ పట్టి లాగినా చెప్పినవాళ్ళ గొలుసు తెగదు. నేను హామీ. ఇది ఆవిడకి నా పేరు చెప్పి చెప్పు."

మర్నాడు షాపు తియ్యలేదు. అక్క మిషను దగ్గర బడి యూనిఫారాలు కుడుతోంది. జూన్‌లో బళ్ళు తెరుస్తారు కాబట్టి ఆ రోజుల్లో ఇల్లంతా నీలం గుడ్డలే. నేను వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. ముందు హజరత్ మాట చెప్పాను. పాము మాట అబద్ధమని, బాగ్దాదులో ఎవడో కట్టాడని, నజీర్ షహీదని చెప్పాను. అక్క దారం కొరికి, గుడ్డ మడత పెట్టింది.

"ఆయన పెద్దోరు. అబద్దం ఆడరు" అంది. "కానీ గౌసూ, ఇదీ ఒకలు సెప్పిందే, అదీ ఒకలు సెప్పిందే. నిన్నటిదాకా అదీ నిజమే కదా. అది అబద్దమయితే ఇది మటుకు నిజమని నాకెలగ తెలుస్తాది?"

"దీనికి సాక్ష్యాలున్నాయక్కా. గొలుసు ఉన్నాది."

"నాకు గొలుసులు తెలవవు. నాకు వినపడతంది. అబద్దమయితే ఎందుకు వినపడతాది?"

ఆ ప్రశ్నకి హజరత్ దగ్గర కూడా నేను జవాబు అడగలేదు.

"వినపడతాదని నేను రాసేను కాబట్టి వినపడతంది."

అక్క చెయ్యి గుడ్డ మీద ఆగింది.

"నేల మీద సెవెడితే తల్లికి వినపడతాదన్నది ఎక్కడా లేదక్కా. అరబ్బీలో లేదు, ఉర్దూలో లేదు. కరపత్రంలో నేనే రాసేను. ఆ పుస్తకం, ఈ ఫోను, అన్నీ దాన్ని సూసి వచ్చినవే."

ఆమె చాలాసేపు నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. నేను ఎవరో పోల్చుకుంటున్నట్టు ఉంది.

"ఎందుకు రాసినావు?"

"కింద జాగా మిగిలిపోయింది."

"అంతేనేటి?"

అంతే కాదు. ఆమె అడిగేదాకా నాకూ తెలీదు. అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్ళు, అక్కకి పద్నాలుగు. అమ్మని మట్టిలో పెట్టిన మర్నాడు నేను తప్పించుకుని కబరస్తానుకి పోయి, అమ్మ మట్టి మీద చెవి పెట్టి పడుకున్నాను. ఊరంతా వెతికి, చివరికి అక్కే వచ్చి నన్ను లేపి చంకనేసుకుని తీసుకెళ్ళింది. ఆ సంగతి చెప్పాను. "అదే రాసేనక్కా. తిరగేసి రాసేను" అన్నాను.

అక్క తల ఊపింది. ఆ రోజు ఆమెకి గుర్తుంది.

"అప్పుడు నీకేటయినా వినపడిందేటి?"

"లేదు."

మిషను మీది గుడ్డని రెండు చేతులతో చదును చేసింది. చదునుగానే ఉన్నదాన్ని మళ్ళీ చదును చేసింది. తర్వాత నాతో కాకుండా ఆ గుడ్డతో చెబుతున్నట్టు చెప్పింది.

"ఆ కాయితం నువ్వే తెచ్చి ఇచ్చినావు. ఆకుపచ్చది. నజీర్ పడుకునే కాడ గోడకి అంటించినాను. అప్పుడాడికి పదేల్లు. నెల్లాళ్ళు నా కొంగు ఒగ్గలేదు. తప్పిపోయిన నమాజులు ఎన్నో సేతి యేళ్ళ మీద లెక్కెట్టుకుని ఏడిసీవోడు. తరవాత మెల్లిగా ఎల్లడమే మానీసినాడు. ఎందుకురా అంటే, ఎలాగూ తప్పిపోనాయి కదమ్మా, ఇప్పుడెల్లినా కొట్టక మానదు కదా అన్నాడు. గుంటడు కదా, ఏదో అంతన్నాడనుకున్నాను."

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. నాకు అన్నం వడ్డించింది. పక్కన కూర్చోలేదు. ఆ రోజు మొదలు నెలరోజుల పైన నాతో మాట్లాడలేదు.

నేను చెయ్యగలిగింది ఒకటే కనిపించింది. కొత్త కరపత్రం వేశాను. పదిహేను శిక్షల కాగితం ప్రవక్తగారి మాట కాదని, పండితులు ఎప్పుడో తోసేశారని, అడుగున తల్లి గురించి ఉన్న మూడు వాక్యాలూ ఫలానా గౌస్ మొహిద్దీన్ అనే నేను సొంతంగా రాశానని, క్షమించమని. ఎవరికైనా అనుమానం ఉంటే అడగమని నా ఫోను నెంబరు వేశాను. ఆ శుక్రవారం నమాజు అయ్యాక లేచి నిలబడి అందరి ముందూ అదే చదివాను. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. ఇప్పటి కమిటీ పెద్ద నన్ను పక్కకి తీసుకెళ్ళి భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు రాసినా ఎవులు రాసినా, అది సదివి బయపడి పది మంది గుంటలు నమాజుకొచ్చినారు. మంచే కదా జరిగింది. ఇప్పుడు ఇదంతా తవ్వడం ఎందుకు?"

"ఒకడు మానేశాడండి" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. నేను విడమరచలేదు.

గుంటూరు గొంతు మనిషికి మళ్ళీ ఫోన్ చేశాను. మర్యాదగానే విన్నాడు. "అన్నా, నా వీడియోల్లో అదే అందరూ ఎక్కువ చూసింది. తీసేసినా జనం దగ్గర ఉంటది కదా" అన్నాడు. రెండు రోజులకి తీసేశాడు. అతనన్నట్టే అయింది. టెక్కలి నుంచి ఒకరు, పార్వతీపురం నుంచి ఒకరు అదే గొంతు నాకే పంపారు, అందరికీ పంపండి పుణ్యం వస్తుందని.

ఇంట్లో అక్క తన పని తను చేసుకుంటోంది. యూనిఫారాలు కుట్టి పంపింది. నాకు టీ ఇస్తుంది, అన్నం పెడుతుంది, బట్టలు ఆరేస్తుంది. మధ్యాహ్నాలు ఏం చేస్తోందో నాకు తెలీదు, ఆ వేళకి నేను షాపులో ఉంటాను. జగ్గమ్మని అడిగితే, "ఇసక కాడికి రాలేదు. ఇంట్లో ఏటి సేస్తంతాదో నేనెలగ సూస్తాను?" అంది.

బక్రీదు వెళ్ళాక వానలు పడ్డాయి. ఒక మధ్యాహ్నం, ఎడతెగని వాన, నరసన్నపేటలో కరెంటు పోయి షాపు మూసి వచ్చేశాను. అక్క గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. నేను తల తుడుచుకుంటూ ఉంటే ఫోను మోగింది. తెలీని నెంబరు.

"బాబూ, ఆ కాయితం మీద నెంబరు మీదేనా?"

ఆడమనిషి. కొత్తవలస నుంచి. రైల్వే స్టేషను దగ్గర టిఫిన్ బండి పెట్టుకుందట. మా కరపత్రం ఎలా చేరిందో, వాళ్ళ మసీదు గోడకి ఎవరో అంటించారట.

"మా పాప పోయి రెండేళ్ళయింది బాబూ. పదిహేనేళ్ళది. డెంగీ. అది కూడా నమాజు సరిగ్గా సేసీది కాదు. మాకు పక్కనే రైలు పట్టా. బండెల్లినప్పుడల్లా నాకు వినపడతాది. అది నన్ను పిలుస్తాది. మీరు అబద్దమని రాసినారు. నిజంగా అబద్దమేనా?"

"అవునమ్మా. అబద్ధం" అన్నాను.

"మీరే రాసినారా? ఒట్టేనా?"

రెండేళ్ళు, బండి వెళ్ళిన ప్రతిసారీ. రోజుకి ఎన్ని బండ్లు వెళతాయో ఆ పట్టా మీద. అవతల ఆవిడ "బాబూ, ఉన్నారా" అంటోంది. ఫోను చెవి దగ్గర పెట్టుకుని నిలబడిపోయాను.

అక్క చేట పక్కన పెట్టి లేచింది. బియ్యపు చేతులు చీరకి తుడుచుకుని నా చేతిలోంచి ఫోను తీసుకుంది.

"అమ్మా, నేను ఆడి యక్కని మాట్లాడతన్నాను" అంది. "నన్ను సూసినట్టే అనుకుని ఇను. ఆ మూడు ముక్కలూ రాసింది ఈడే. నా తమ్ముడు. ఆరేళ్ళప్పట్నుంచి ఈడ్ని పెంచింది నేనే, ఈడు ఎప్పుడు అబద్దమాడతాడో ఎప్పుడు నిజం సెప్తాడో నాకు తెలుస్తాది. ఈడు రాసినానని నా మొకమ్మీద సెప్పినాడు. ఇప్పుడూ నా ఎదురుగానే ఉన్నాడు. రసూల్ సెప్పింది కాదు. ఈడు సెప్పింది."

అవతల ఏడుపు వినిపించింది. అక్క ఆగింది. వాన గొడవలోనూ ఆవిడ మాటలు ఫోను దాటి నాదాకా వచ్చాయి.

"నీకెలగ తెలుస్తాదమ్మా నా బాద. నీకు పిల్లలు..."

"ఒక్కడే. ఈ ఏడే పోనాడు. సముద్రంలో."

అవతల ఏడుపు ఆగింది.

"మరి నీకు వినపడలేదేటమ్మా?"

అక్క వీధి వైపు చూసింది. వానకి ఎదురిల్లు కూడా కనపడడం లేదు. అవతల ఆవిడ ఎదురుచూస్తోంది. నేనూ చూస్తున్నాను.

"వినపడీది" అంది అక్క. "ఈడు సెప్పిన రోజునుంచి వినపడ్డం మానీసింది. నీక్కూడా ఈ రోజునుంచి మానేస్తాది. బండెల్తాది, ఎల్లిపోతాది. బండే అది. పాప కాదు."

ఇంకా ఏవో మాట్లాడుకున్నారు, ఏం వండుకున్నారో, మోకాళ్ళ నొప్పులో. అక్క ఫోను నాకు తిరిగి ఇచ్చింది. నెల రోజుల తర్వాత మొదటిసారి నా కళ్ళలోకి చూసి, "తల సరిగ్గా తుడుసుకో. జొరమొస్తాది" అంది.

ఆ తర్వాత కూడా ఫోన్లు వచ్చాయి. ఈ రెండేళ్ళలో ముప్పై దాకా వచ్చి ఉంటాయి. పలాస, బొబ్బిలి, ఒకసారి ఒరిస్సా పక్క నుంచి. ఆడవాళ్ళయితే నేను అక్కకి ఇచ్చేస్తాను. అందరికీ ఆమె అదే చెబుతుంది, అదే వరసలో, ఒక్క ముక్క అటూ ఇటూ పోకుండా. అందరూ చివరికి ఆ ఒక్క ప్రశ్నే అడుగుతారు. అప్పుడు ఆమె కొంచెం ఆగుతుంది. ఆగి, మానేసిందని చెబుతుంది.

ఆ మాట నిజమో కాదో నేను ఇంతవరకూ అడగలేదు.